మూడో రీలులో మెరుపు

కాపురానికొచ్చిన మూడో రోజునే మా అత్తతో నాకు గిన్నెల దగ్గర గొడవైంది. దేముడమ్మ నాకు అత్తగారే కాదు, మేనత్త కూడా. మా నాన్నకి స్వయానా అక్క. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని ఊరంతా తిప్పిన మనిషి కాబట్టి కొత్త కోడలిలా తలొంచుకుని ఉండడం నాకు రాలేదు, ఉండమని ఆమె అడగనూ లేదు. నేను చింతపండు పట్టించి ఇత్తడి బిందెను తళతళలాడేలా తోమి బోర్లిస్తే, ఆమె వచ్చి దాని మీద గుప్పెడు బూడిద పులిమి చక్కా పోయేది. మళ్ళీ తోమేదాన్ని. మళ్ళీ పులిమేది. మేమిద్దరం బిందె కోసం ఇలా కీచులాడుకుంటుంటే మా బావ, అంటే మా ఆయన శ్రీరామ్మూర్తి, చప్పుడు చేయకుండా చెప్పులేసుకుని డ్యూటీకి పోయేవాడు. మగాళ్ళకి ఆ సుఖం ఉంది.

మబ్బు పడితే ఇంట్లో అద్దాల మీద గుడ్డ కప్పడం మా వైపు అందరూ చేసేదే. మెరిసే వస్తువు పిడుగును పిలుస్తుందంటారు. మా అమ్మా కప్పేది. మా అత్త అక్కడితో ఆగేది కాదు. స్టీలు కంచాలన్నీ గోనెసంచీలోకి వెళ్ళిపోయేవి. దేవుడి పటాల మీదకి పాత చీర వచ్చేది. ఒకసారి నా చేతి గాజులు కూడా కొంగులో దాచుకోమంది. అన్నీ కప్పాక తను లేచి దొడ్లో ఉన్న నీళ్ళగదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. వాన వెలిసే దాకా, ఒక్కోసారి మూడు నాలుగు గంటలు, ఆ తడి నేల మీద ఒక్కత్తీ ముడుచుకుని కూర్చునేది. లోపలికి రమ్మని నేను గొంతు చించుకున్నా వచ్చేది కాదు.

"నాకోసం వచ్చినాది నన్నే ఎతుక్కోనీ. మీ మద్దిన నానెందుకు కూకోవాల" అనేది.

దాని వెనక సంగతి మా ఇంట్లో అందరికీ తెలిసిందే. ఎలమంచిలి అవతల మా ఊరు. 1963లో, ఎండాకాలం మొదట్లో, మా మావ నీలకంఠం చేనులో పని చేసుకుంటుంటే మా అత్త మధ్యాహ్నం బువ్వ పట్టుకెళ్ళింది. ఆ పొద్దుటే బాగా తోమిన ఇత్తడి కేరేజీ చేతిలో ఉంది. పైన మబ్బు కమ్మింది. ఇంకో ఇరవై అడుగులు వేస్తే మావ దగ్గరికి చేరేదే, ఈలోపు ఆమె కళ్ళ ముందే ఆయన మీద పిడుగు పడింది. చావుకొచ్చినవాళ్ళలో ఎవరో, కేరేజీ తళుక్కుమంది, దాన్ని చూసే పిడుగొచ్చింది అన్నారు. అన్నవాళ్ళు ఆ సాయంత్రానికే మర్చిపోయి ఉంటారు. మా అత్త ఇరవై రెండేళ్ళు మర్చిపోలేదు. మొగుణ్ణి తన చేత్తోనే చంపుకున్నాననీ, ఆ పిడుగు తనకోసం ఇంకా తిరుగుతోందనీ ఆమె నమ్మకం.

పోయిన వానాకాలం ఆ నీళ్ళగదిలో కూర్చుని కూర్చుని ఆమెకు నిమ్ము చేసింది. పదిహేను రోజులు ఆసుపత్రిలో పెట్టాం. ఇంకోసారి ఇలా తడిస్తే ఈ ఊపిరితిత్తులు తట్టుకోవు, ఆపై మీ ఇష్టం అని డాక్టరు మొహాన చెప్పేశాడు. ఈ వానలు మొదలయ్యేలోగా ఆమెను నీళ్ళగదిలోంచి ఇంట్లోకి రప్పించకపోతే మాకు అత్త దక్కదు. సంగతి అదీ. నేను తిట్టి చూశాను, బతిమాలి చూశాను, నీళ్ళగదికి తాళం కూడా వేసి చూశాను. తాళం వేసిన రోజున ఆమె వెళ్ళి వానలో గోడవతల నిలబడింది.

మా బావకి ఓ ఆలోచన వచ్చింది. ఆయన ఆలోచనలన్నీ కెమెరా చుట్టూనే తిరుగుతాయి.

అది 1985. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నారు. మా బావ ఓ కాంట్రాక్టు కంపెనీలో కెమెరా ఆపరేటరు. సినిమా కెమెరాయే, కానీ సినిమాలు తీసేది కాదు. క్వారీలో రాయి పేల్చేటప్పుడు ఆ రాయి ఎటు పగిలిందో, ఎంత ఎత్తు లేచిందో ఇంజనీర్లు తీరిగ్గా చూసుకోవడానికి బొంబాయి నుంచి తెప్పించారు. మామూలు కెమెరా సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు తీస్తే ఇది మూడు వేలు తీస్తుంది. నాలుగు వందల అడుగుల రీలు ఐదు సెకన్లలో సర్రున అయిపోతుంది. అదే రీలు ప్రొజెక్టరు మీద వేస్తే పది నిమిషాలకి పైనే నడుస్తుంది. కంటికి ఢామ్మని కనబడేది తెర మీద పువ్వు విచ్చుకున్నట్టు నెమ్మదిగా కనబడుతుంది. మేముండే రేకుల క్వార్టరు ఆ కంపెనీ ఇచ్చిందే. వీధరుగు మీద నిలబడితే, కిలోమీటరు దూరంలో కడుతున్న ఫ్యాక్టరీ చిమ్నీ ఎదురుగా కనబడేది. ఎండాకాలం సాయంత్రాలు గాలివాన వచ్చినప్పుడల్లా పిడుగు దాని నెత్తినే పడేది.

"ఆ పిడుగుని తీత్తాను గౌరీ. బాగా తోమిన బిందె అరుగు ముందు పెట్టి, బిందె, సిమ్నీ రెండూ పడేలా తీత్తాను. పిడుగు ఎత్తు సూసుకుని పోతాది గానీ మెరుపు సూసుకుని కాదని అమ్మకి గోడ మీద సూపెడతాను" అన్నాడు.

మంచి ఆలోచనే. నేను ఒప్పుకున్నాను, బిందె తోమే భాగ్యం దక్కినందుకు కూడా.

క్వారీ పని అయిపోయి కెమెరా నెలాఖరుకి బొంబాయి వెళ్ళిపోవాలి. డేటు దాటిపోయిన రీళ్ళు మూడు మిగిలాయి. వాడుకోవయ్యా, ఎలాగూ పారేసేవే అని పై ఆఫీసరు ఒప్పుకున్నాడు. చిక్కంతా లెన్సు దగ్గర వచ్చింది. సముద్రపు గాలికి కంపెనీ లెన్సు లోపల బూజు పట్టింది. దాన్ని పట్టుకుని మా బావ వన్‌టౌన్‌లో హుస్సేన్ బాషా దగ్గరికి పోయాడు. బాషా తాతల కాలం నుంచి కురుపాం మార్కెట్టు వెనక సందులో ఓడలవాళ్ళ బైనాక్యులర్లు, దిక్సూచీలు బాగుచేస్తాడు. ఆయన లెన్సు తిప్పి చూసి, బూజు తీయగలను గానీ ఇది పగటి ఎండలో వాడే గాజు, మబ్బు చీకట్లో మెరుపు సన్నటి కొసలు దీనికి చిక్కవు అన్నాడట. ఇంతకీ మెరుపెందుకు అని అడిగితే మా బావ తల్లి సంగతి చెప్పాడు. బాషా లేచి బీరువా తీసి, మఖమలు గుడ్డలో చుట్టిన జర్మనీ లెన్సు బయట పెట్టాడట. ఎప్పుడో ఓడ కెప్టెను ఒకాయన ప్రేమగా ఇచ్చి వెళ్ళింది. చెంబు మూతంత గాజు. పదేళ్ళుగా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అది మా కెమెరాకి అమరేలా ఇత్తడి రింగొకటి తనే తరిణె పట్టి చేసి ఇచ్చాడు.

"అమ్మ కోసం అన్నావు గాబట్టి ఇస్తన్నా బేటా. ఒక్కటే మాట. దీని మీద గుడ్డ పడకూడదు, గాజు గీసుకుపోతది" అన్నాడట.

గుడ్డ పడకూడదు. మా ఇంట్లో.

చైత్రం చివర్లో ఓ రోజు నాలుగింటికి దువ్వాడ వైపు నుంచి మబ్బు నల్లగా లేచింది. మా అత్త అన్నీ కప్పేసి నీళ్ళగదిలోకి పోయింది. మేము గబగబా అరుగు మీద మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి కెమెరా బిగించాం. అప్పటికే తోమి మంచం కింద దాచిన బిందెను తెచ్చి, పది అడుగుల అవతల బోర్లించిన డ్రమ్ము మీద పెట్టాను. వాన మొదలైంది. చిమ్నీ మీద ఒకసారి మెరిసింది. పక్క షెడ్డులో ముసలమ్మ అర్జునుడి పేర్లు చదవడం మొదలెట్టింది.

అప్పుడే తెలిసింది అసలు కష్టం. రీలు నడిచేది ఐదు సెకన్లు. మెరుపు చూశాక నొక్కితే మెరుపు పోయింది. మెరవకముందే నొక్కాలి. పేలుడుకైతే ముందు మూడు విజిళ్ళు వేస్తారు, మా బావ చెయ్యి ఇన్నాళ్ళూ ఆ విజిలుకే అలవాటు పడింది. ఇక్కడ విజిలెవరు వేస్తారు? మెరుపుకీ మెరుపుకీ మధ్య అంకెలు లెక్కపెట్టుకుంటూ, ఒక అంచనాకొచ్చి స్విచ్చి నొక్కాడు. కెమెరా కీచుమని అరిచింది. సరిగ్గా అప్పుడు నా వెనక నుంచి ఒక తడి తువ్వాలు గాల్లో ఎగిరొచ్చి కెమెరా మీద పడింది. మా అత్త. వీధి కిటికీ వేశామో లేదోనని చూడ్డానికి వచ్చి, కొడుకు ఆకాశానికి ఎదురుగా అంత గాజు పెట్టుకుని నిలబడడం చూసింది.

"అంత అద్దం దానికేసి ఇప్పీసి పెట్టావేటిరా. మీ అయ్యని తిన్నాది సాలదా" అని తువ్వాలు రెండు చేతుల్తో అదిమి పట్టుకుంది.

ఆ ఐదు సెకన్లలోనే చిమ్నీ మీద ఇంత లావు పిడుగు పడింది. మా ముగ్గురి మొహాలూ తెల్లబడేంత వెలుగు. రీలంతా తువ్వాలు నిండింది.

మా బావ అరుగు మీద కూలబడ్డాడు. నేను ఊరుకుంటానా? నోటికొచ్చిందల్లా అన్నాను. చివరికి, "ఆ రోజు కేరేజీ మీద కప్పుకోవాల్సింది ఈ తువ్వాలు" అన్నాను.

ఆ మాటన్నందుకు నా నాలుక కోసి కాకులకేసినా తప్పులేదు. ఆమె చెయ్యి తువ్వాలు మీద నుంచి జారిపోయింది. నీళ్ళగదిలోకి పోయి తలుపేసుకుంది. వాన వెలిశాక కూడా రాలేదు. నేను తలుపు దగ్గర కూర్చుని ఏడ్చి, తిట్టుకుని, కాళ్ళు పట్టుకుంటానంటే చీకటిపడ్డాక వచ్చింది. అన్నం పెడితే తింది. ఆ తర్వాత నేను తోమిన గిన్నెల మీద బూడిద పులమడం మానేసింది. నాతో పోట్లాట మానేసింది. అంతకంటే పెద్ద శిక్ష ఆమె నాకు వేయలేదు.

లెన్సుకి తువ్వాలుకున్న వంట పసుపు అంటుకుంది. మా బావ దాన్ని పట్టుకుని బాషా దగ్గరికి పోయాడు. బాషా మరక చూసి, జరిగింది విని, తుడిచి ఇచ్చాడట. వచ్చేటప్పుడు అమ్మకి దగ్గు తగ్గిందా అని అడిగాడట. మంచివాళ్ళు ఇలా మరీ మంచిగా ఉంటే మనకింకా సిగ్గేస్తుంది.

రెండో రీలు పది రోజులకి వాడాం. ఈసారి అత్త బయటికి రాలేదు. మా బావ లెక్కపెట్టి, లెక్కపెట్టి నొక్కాడు. ఐదు సెకన్లు వాన తప్ప ఏమీ లేదు. రీలు టపటపా కొట్టుకుని ఆగింది, అప్పుడు మెరిసింది. ఎవరిని తిట్టాలో తెలీక నేను ఆకాశాన్ని తిట్టాను.

మూడో రీలు నాటికి నెలలో రెండు రోజులు మిగిలాయి. కెమెరా పెట్టె సర్దడానికి స్టోర్సు నుంచి కబురు కూడా వచ్చేసింది. అత్తకి మళ్ళీ దగ్గు మొదలైంది. మధ్యాహ్నం మూడింటికే మబ్బేసి జల్లు పడుతుంటే నీళ్ళగదిలోంచి ఆ దగ్గు అరుగు దాకా వినబడుతోంది. బిందె డ్రమ్ము మీద ఉంది. మా బావ స్విచ్చి మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు. మెరిసింది. లెక్క. మళ్ళీ మెరిసింది. లెక్క. వేలు మాత్రం కదలదు. ఆఖరి రీలు, చెయ్యి రాదు పాపం. అరగంట అయింది. మబ్బు సముద్రం వైపు జరిగిపోతోంది. లోపల అత్త దగ్గుతోంది.

"నొక్కు బావా. దాన్నేటి దాసుకుని ఊరగాయెట్టుకుంతావా" అని, ఇక ఒళ్ళు మండి, ఆయన వేలి మీద నా వేలు పెట్టి నేనే నొక్కేశాను.

ఆయన నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. ఏనాడూ నన్ను కొట్టని మనిషి, ఆ క్షణాన కొడతాడనుకున్నాను. ఒకటి, రెండు, మూడు అనుకున్నానో లేదో, అరుగంతా వెలుగైంది. చిమ్నీ మీద పడింది. ఉరుముకి రేకులు అదిరాయి. రీలు ఆగింది. ఆయన నవ్వాడు, నేను ఏడ్చాను.

రీలు కడిగించడానికి కంపెనీ రీళ్ళతో పాటు మద్రాసు పంపారు. వచ్చేసరికి జూన్ నెలయింది. కూలీలకు జాగ్రత్తల సినిమాలు వేసే ప్రొజెక్టరు మా బావ ఓ ఆదివారం ఇంటికి తెచ్చాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీలకు దుప్పట్లు కట్టి గది చీకటి చేశాం. సున్నం వేసిన గోడే తెర. అత్త చూడనంది. పిడుగుని చూడ్డానికి ఇంట్లోకి పిలుస్తారా ఎవరైనా అంది. నేను ఆమె పక్కన కూర్చుని, ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకునే దారి నాకింకేదీ లేదత్తా, నా కోసమైనా చూడు అన్నాను. ఆమె లేచి వచ్చి గోడ ఎదురుగా పీట మీద కూర్చుంది.

వాన కనబడింది. పడుతున్న వాన కాదు, దిగుతున్న వాన. ఒక్కో చినుకు తీరిగ్గా కిందికి వస్తోంది. దూరంగా చిమ్నీ, ముందు డ్రమ్ము, దాని మీద బిందె. ఐదారు నిమిషాలు అంతే. తర్వాత పైన మబ్బులో ఓ సన్నటి వెలుగు పుట్టింది. అది వేరులా చీలింది. ఒక పాయ ఇటు వచ్చి ఆగింది, ఇంకోటి అటు పోయింది. తడుముకుంటూ, ఆగుతూ, మళ్ళీ కదులుతూ దిగుతోంది. నేను లోలోపల లెక్కపెడుతున్నాను. ఆరు అనేసరికి ఒక పాయ చిమ్నీ కొసని ముట్టుకుంది, గోడంతా తెల్లగా అయిపోయింది. బిందె ఉన్నచోటే ఉంది.

"సూసావా అమ్మా. బిందికేసి తిరగనైనా తిరగలేదు. ఎత్తు సూసుకునే పోయింది" అన్నాడు మా బావ. ఆయన గొంతులో గెలిచిన సంతోషం. ప్రొజెక్టరు ఆపి లైటు వేశాడు.

మా అత్త రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని ఉంది.

"అంతసేపుంతాదా గౌరీ" అంది.

నాకర్థం కాలేదు.

"అంతసేపు దిగుతాదా అది? అయితే మీ మావ సూసే ఉంతాడే. వత్తన్నాదని తెలుసుకునే ఉంతాడు. నాను ఎవులికీ సెప్పలేదు. ఆవేళ నన్ను సూసి నోరు తెరిసినాడే. ఏటో అనబోనాడు. తెరిసిన నోరు తెరిసినట్టే ఉండగా పడిపోనాడు. నన్ను పిలిసినాడు కామోసు, రచ్చించమన్నాడు కామోసు అని ఇన్నేళ్ళూ అనుకుంతన్నాను. నిజవే. ఇంతసేపున్నాది. నాను గట్టు మీద బొమ్మలాగ నిలబడిపోనాను."

ఇరవై రెండేళ్ళూ మేము కేరేజీ గురించి అనుకున్నాం. ఆమె లోపల కూర్చున్నది వేరు. ఉన్నదానికి మేమిద్దరం కలిసి ఇంకో బరువు తెచ్చి నెత్తిన పెట్టాం. మా బావ కంగారుపడిపోయి, అలా కాదమ్మా, ఇది నెమ్మది చేసి చూపించింది, అసలది సెకనులో ముప్పయ్యో వంతు అని చెప్పడం మొదలెట్టాడు. బొమ్మలు మూడు వేలు అన్నాడు, భాగించాలి అన్నాడు. ఆమె గోడవైపే చూస్తూ తల అడ్డంగా ఊపుతోంది. కళ్ళతో చూసింది ఆమె. లెక్కలెవరికి కావాలి? నాకూ ఆ లెక్క తలకెక్కలేదు.

"అమ్మకి లెక్కలు సెప్పకు బావా. మళ్ళీ ఎయ్యి" అన్నాను. ఏం చూపించాలో నాకప్పటికింకా తెలీదు. ఊరికే కూర్చోలేక అన్నాను.

రీలు మెరుపుకి కాస్త ముందు దాకా వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. ఈసారి నేను మెరుపును చూడలేదు. దాన్ని చూస్తే నాకూ భయమేసింది. గోడ మీద మిగతాదంతా వెతికాను. పైన ఎడమ మూల, మా అరుగు రేకు చివర, కొంచెం మసగ్గా ఓ చినుకు వేలాడుతోంది. ఆ రేకు చివర నుంచి పడే నీళ్ళ కింద వానొచ్చినప్పుడల్లా మట్టికుండ పెట్టేదాన్ని నేను. టపటపా ఎంత జోరుగా పడతాయో నాకు తెలుసు. మా అత్తకీ తెలుసు.

"ఆపకు బావా, ఇంకా నెమ్మది సెయ్యి" అని, అత్త చెయ్యి పట్టుకుని లేపి గోడ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె వేలు పట్టి ఆ చినుకు మీద పెట్టించాను. "పిడుక్కేసి సూడకత్తా. ఈ సినుకునే సూడు. ఇది మన రేకు సివరిదే. ఇది కింద పడేలోపు ఏటవుతాదో సూడు."

మా ఇద్దరి నీడలూ గోడ మీద పడ్డాయి. మబ్బులో వెలుగు పుట్టింది. చీలింది. తడుముకుంటూ దిగింది. చినుకు ఆమె వేలి కిందే వేలాడుతోంది. వెలుగు చిమ్నీని ముట్టుకుంది. గోడ తెల్లబడింది, మా మొహాలు తెల్లబడ్డాయి. చినుకు ఇంకా రేకును వదల్లేదు. అంతా అయిపోయాక అప్పుడు, తీరుబడిగా కొంచెం సాగి, రేకును విడిచింది.

అత్త మళ్ళీ వెయ్యమన్నట్టు చెయ్యి ఊపింది. మళ్ళీ వేశాడు. ఈసారి తనంతట తనే వేలు పెట్టుకుంది. మూడోసారి నడుస్తుండగా బయట నిజంగానే ఉరిమింది. రేకుల మీద వాన మొదలైంది. మా బావా నేనూ అలవాటుగా దొడ్డి తలుపు వైపు చూశాం. ఆమె కదల్లేదు.

"సినుకు రాల్లేదే" అంది మెల్లగా. "సినుకు రాలేలోపే అంతా అయిపోనాది."

"అంతే అత్తా."

"అయితే మీ మావకి తెలీదు."

"తెలీదత్తా. తెలియడానికి టైమేదీ?"

ఆమె గోడకి ఆనుకుని అక్కడే చతికిలబడింది. ప్రొజెక్టరు వెలుగు ఆమె తలమీదుగా పోతోంది, వాన గోడ మీద ఒకటి, రేకుల మీద ఒకటి. కొంగుతో మొహం తుడుచుకుని, ఎవరితోనో పోట్లాటలో గెలిచినట్టు తల పైకెత్తింది.

"అయితే అరవబోలేదే మీ మావ. నన్ను దూరాన సూడగానే రోజూ ఒకటే మాట అడిగీవోడు, ఏటి కూర అని. ఇంకా గట్టెక్కకుండానే అడిగీవోడు, అంత ఆత్రం మనిసికి. నోరు తెరిసింది అందుకే. అదే అడగబోనాడు."

మా బావ ప్రొజెక్టరు వెనక నిలబడి చేతుల్లో మొహం దాచుకున్నాడు. నేను ఆమె పక్కన నేల మీద కూర్చుని, తన చెయ్యి నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ మనిషి అడగలేకపోయింది ఎవరో ఒకరు అడగాలి కదా.

"ఏటి కూరత్తా ఆవేళ?" అన్నాను.

"ఆనపకాయలో ఎండు నెత్తళ్ళేసి వండీను" అంది మా అత్త. "ఆయనకి మా ఇట్టం."